డల్లాస్ నుంచి క్రాకోవ్‌కి వస్తున్నారా? మెట్ల మీద పలకరింపుతో మొదలుపెట్టండి

మీ ప్రశ్న రెండుసార్లు చదివానండీ. డల్లాస్‌లో పదేళ్లుగా ఉంటున్నారు, మీవారి కంపెనీ ఆయన్ని మూడేళ్లకి పోలండ్‌లోని క్రాకోవ్‌కి పంపిస్తానంటోంది, బాబుకి ఏడేళ్లు, పాపకి నాలుగు. "అక్కడివాళ్ల మొహంలో నవ్వే ఉండదట, ఇంగ్లీషు రాదట, చలికి తట్టుకోలేమట. రోజూ బతకడం ఎలా ఉంటుందో ఎవరైనా ఉన్నదున్నట్టు చెప్పండి" అన్నారు. మేం ఆస్టిన్‌లో తొమ్మిదేళ్లుండి 2018 నవంబరులో ఇక్కడికొచ్చాం. అప్పుడు నేనూ ఇదే అడిగాను, తెలుగులో చెప్పేవాళ్లు దొరకలేదు. అందుకే కాస్త పొడుగైనా ఫరవాలేదని రాస్తున్నాను.

ఇక్కడికొచ్చిన అమెరికా తెలుగు కుటుంబాల్ని చాలావాటినే దగ్గర్నుంచి చూశాను. చలికీ తిండికీ అందరూ మూడు నెలల్లో అలవాటుపడతారు. మనుషులకి అలవాటుపడటానికే ఎక్కువ కాలం పడుతుంది. అమెరికాలో ముక్కూమొహం తెలియనివాళ్లు కూడా నవ్వి పలకరిస్తారు. ఇక్కడ పలకరింపుకి ఒక పద్ధతుంది, అది తెలిసేదాకా ఎదుటివాళ్లు మనమీద కోపంగా ఉన్నారనే అనిపిస్తుంది. ఆ పద్ధతి మనకి కొత్తదేమీ కాదు. మీరు, గారు అనడం, గుమ్మం దగ్గర చెప్పులు విప్పడం, పెద్దవాళ్లు ఎక్కితే లేచి చోటివ్వడం, సంచి పట్టుకుని నడిచి బజారుకెళ్లడం, అన్నీ గుంటూరులో మా అమ్మ దగ్గర నేర్చుకున్నవే. ఆస్టిన్‌లో వాటి అవసరం పడక పక్కన పెట్టేశాను. ఇక్కడ మళ్లీ బయటికి తీశాను.

మేం దిగింది నవంబరు 10, శనివారం రాత్రి. తెల్లారితే ఆదివారం, పైగా పోలండ్ స్వాతంత్ర్య దినం, అదీ నూరేళ్లది. రష్యా, ప్రష్యా, ఆస్ట్రియా పంచుకుపోయి 123 ఏళ్లపాటు మ్యాపులోనే లేకుండాపోయిన దేశం 1918 నవంబరులో మళ్లీ నిలబడింది. పొద్దున కిటికీ తీస్తే ప్రతి బాల్కనీకీ తెలుపు ఎరుపు జెండా. చూడముచ్చటగా ఉంది గానీ ఇంట్లో పిల్లలకి పాలు లేవు, పెద్ద షాపులన్నీ మూసేశారు. ఆదివారాలు షాపులు తెరవకూడదన్న చట్టం ఆ ఏడాది మార్చి నుంచే దశలవారీగా మొదలైంది. ఇప్పుడైతే ఏడాదిలో ఏడెనిమిది ఆదివారాలు తప్ప అన్నీ మూతే. యజమాని తనే కౌంటర్ దగ్గర నిలబడే చిన్న షాపులకి మాత్రం మినహాయింపుంది. అలాంటిదొకటి రెండు వీధుల అవతల దొరికింది. పాలు, రొట్టె తీసుకుని డబ్బులిస్తుంటే ఆ షాపాయన, అరవై దాటినవాడు, మా చిన్నవాడివైపు వేలు చూపిస్తూ గట్టిగా ఏదో అనడం మొదలెట్టాడు. మొహంలో నవ్వు లేదు. వాడు ఏదో ముట్టుకున్నాడేమోనని భయపడి క్షమించమని చెప్పి బయటపడ్డాను. రెండు వారాల తర్వాత ఆఫీసులో ఒకామె చెప్తే అర్థమైంది. "చాప్కా, చాప్కా" అంటే టోపీ. ఇంత చలిలో పిల్లాడి నెత్తిమీద టోపీ ఏదమ్మా అని ఆయన బాధ. ఇక్కడి పెద్దవాళ్లు ట్రాములో, రోడ్డు మీద, ఎక్కడైనా సరే ముక్కూమొహం తెలియని పిల్లలకి కూడా టోపీ లేకపోతే తల్లిని మందలిస్తారు. మన ఊళ్లో బామ్మలు చేసేపనే అది. ఆ తర్వాత నాకెప్పుడూ తప్పుగా అనిపించలేదు.

అందుకే పలకరింపు గురించి ముందు చెప్తాను. లిఫ్టు ఎక్కినా, మెట్ల మీద ఎవరైనా ఎదురైనా, షాపులోకెళ్లినా, డాక్టరు దగ్గర వెయిటింగ్ గదిలో అడుగుపెట్టినా "జెన్ దోబ్రి" అనాలి. బయటికొచ్చేటప్పుడు "దో విద్జేన్యా". నవ్వక్కర్లేదు, ఆగి మాట్లాడక్కర్లేదు, అనడం మాత్రం మానకూడదు. వీధిలో తెలియనివాళ్లని చూసి నవ్వితే ఏదో పొరపాటు జరిగిందేమోనని చూస్తారు. మెట్ల మీద పలకరించకుండా పోతే మాత్రం మర్యాద తెలియనివాళ్ల కింద జమకడతారు. అమెరికా అలవాటు దీనికి సరిగ్గా తలకిందులు.

ఇంకోటి. ఊరికే పలకరింపుగా "ఎలా ఉన్నారు" అని అడక్కండి. అడిగితే నిజంగానే చెప్తారు. మా పై అంతస్తు పెద్దావిడని మొదటి చలికాలంలో అలా అడిగాను, వచ్చీరాని పోలిష్‌లో. మోకాళ్లు, పింఛను, కంటి డాక్టరు కోసం ఎన్నాళ్లుగా ఎదురుచూస్తోందో, కొడుకు ఐర్లండ్ నుంచి ఫోన్ చేయడం తగ్గించాడని, ఇరవై నిమిషాలు చెప్పింది. నాకు పావువంతు అర్థమైంది. మర్నాడు మా తలుపు కొట్టి, ప్లేటులో యాపిల్ కేకు ముక్కలు నాలుగు పెట్టుకుని నిలబడింది. ఆవిడతో నా స్నేహం అలా మొదలైంది, ఇప్పటికీ ఉంది. ఆస్టిన్‌లో పక్కింటివాళ్లతో తొమ్మిదేళ్లు చేతులూపుకున్నాం, లోపలికెళ్లి కూర్చున్నది రెండుసార్లు.

భాష గురించి భయపడుతున్నారు. ఆఫీసుల్లో, పాతికా ముప్ఫై ఏళ్లవాళ్లతో ఇంగ్లీషు హాయిగా సరిపోతుంది. పోస్టాఫీసు, మునిసిపల్ కౌంటరు, గొట్టాలు బాగుచేసేవాడు, స్కూలు నోటీసులు, వీటన్నిటికీ పోలిష్ కావాలి. హల్లులు వరసగా నాలుగైదు కలిసిపోయి ఉంటాయి కాబట్టి పలకడం మనకి కష్టం, అన్ని పదాలకీ చివర అచ్చు పెట్టే నోరు మనది. వ్యాకరణం మాత్రం అమెరికన్లకంటే మనకే తేలిక, ఇది నేను గట్టిగా చెప్తాను. క్రాకోవ్‌లో, క్రాకోవ్‌కి అని మనం పదం చివర అతికించినట్టే వాళ్లూ చివర మారుస్తారు. "ఫ్ క్రాకోవ్యె" అంటే క్రాకోవ్‌లో, "దో క్రాకోవా" అంటే క్రాకోవ్‌కి. (ఊరి పేరుని వాళ్లు క్రాకుఫ్ అని పలుకుతారు, రైల్వే స్టేషన్లో అనౌన్స్‌మెంటు వినేటప్పుడు గుర్తుపెట్టుకోండి.) విభక్తులు ఏడు. ఏడోది మన సంబోధనే. అమ్మ అనే పదం పిలిచేటప్పుడు అమ్మా అయినట్టు వాళ్ల "మామా" పిలుపులో "మామో" అవుతుంది. మా క్లాసులో ఒహాయో నుంచి వచ్చినాయన దీనికోసం రెండు వారాలు తంటాలు పడ్డాడు, నాకు వివరించాల్సిన పనే పడలేదు.

అలాగే పాన్, పానీ. పురుషుడైతే పాన్, స్త్రీ అయితే పానీ, మన "గారు", "మీరు" రెండూ కలిపిన మాట. కొత్తవాళ్లనీ పెద్దవాళ్లనీ నువ్వు అనకూడదు. ఎవరు ముందు "ఇక నువ్వు అనుకుందాం" అనాలో కూడా పద్ధతుంది, వయసులో పెద్దవాళ్లు అనాలి. ఆఫీసులో యువకులు మొదటిరోజు నుంచే నువ్వు అంటారు, అది చూసి బయట కూడా అనేయకండి. వచ్చేముందే వంద మాటలు నేర్చుకోండి. ఆ వందలో "ప్శెప్రాషమ్" ఉండాలి, క్షమించండి అనడానికీ, కాస్త తప్పుకోండి అనడానికీ అదే.

"జెంకూయె" అంటే ధన్యవాదాలు. హోటల్లో డబ్బు చేతికిస్తూ ఆ మాట అంటే చిల్లర ఉంచుకోండి అని అర్థం. మావారు మొదటి నెలలో 130 జ్లోటీల (ఇక్కడి డబ్బు) బిల్లుకి 200 నోటిచ్చి, అలవాటు కొద్దీ జెంకూయె అన్నారు. అమ్మాయి ఆశ్చర్యపోయి రెండుసార్లు దండం పెట్టినంత పని చేసింది. చిల్లర చేతికొచ్చాక చెప్పండి ఆ మాట.

ఇప్పుడు కాళ్ల సంగతి. డల్లాస్‌లో పాల డబ్బాకి కూడా కారు తీస్తారు కదా, ఇక్కడ మేం కారే కొనలేదు. ట్రాము, బస్సు, నడక. పాత ఊరి చుట్టూ ఒకప్పుడు కోటగోడ ఉండేది, దాన్ని పడగొట్టిన చోట ఇప్పుడు ప్లాంతి అనే తోట, ఊరికి దండ వేసినట్టు చుట్టూ తిరిగి ఉంటుంది. మధ్యలో రీనెక్, అంటే పెద్ద సంత మైదానం, 1257లో గీసిన కొలతల ప్రకారమే ఈనాటికీ ఉంది, ఒక్కో వైపు దాదాపు 200 మీటర్లు. మూలన ఉన్న సెయింట్ మేరీ చర్చి గోపురం మీంచి గంటగంటకీ అగ్నిమాపక దళం మనిషి బాకా ఊదుతాడు, నాలుగు దిక్కులకీ నాలుగుసార్లు. ఆ రాగం మధ్యలో టక్కున ఆగిపోతుంది. పూర్వం శత్రువుల రాకని చూసి ఊదుతున్నవాడి గొంతులో బాణం దిగిందని కథ చెప్తారు. అది కథే గానీ, మధ్యాహ్నం 12 గంటలకి దేశమంతా రేడియోలో ఆ బాకా వినిపిస్తుంది. మావాడు స్కూలు నుంచి వస్తూ అది విని టైము చెప్పేవాడు.

ట్రాములో టికెట్ కొంటే చాలదు, ఎక్కగానే పెట్టెలో పెట్టి ముద్ర వేయించాలి. మామూలు బట్టల్లో తనిఖీవాళ్లు ఎక్కుతారు, కొత్తవాళ్లం తెలియదు అంటే వినరు, జరిమానా కట్టాల్సిందే. నెలసరి పాస్ తీసుకోండి, ఆ బాధే ఉండదు. ఈ ఊళ్లో ఆదాయపన్ను కట్టేవాళ్లకి పాసు తక్కువకొస్తుంది. రోడ్డు దాటేటప్పుడు ఎర్ర దీపం ఉంటే కనుచూపు మేరలో బండి లేకపోయినా ఆగండి, అందరూ ఆగుతారు. 2021 జూన్ నుంచి జీబ్రా గీతల మీద అడుగుపెడుతున్న మనిషికి కారు ఆగాలి, ట్రాము మాత్రం ఆగదు, దానికి మీరే ఆగాలి. ఫోన్ చూస్తూ దాటడం కూడా నేరమే.

మీ బాబు గురించి. ఇక్కడ ఏడేళ్లు నిండిన పిల్లలు పెద్దవాళ్ల తోడు లేకుండా రోడ్డు మీద వెళ్లొచ్చని చట్టమే చెప్తుంది. టెక్సస్‌లో ఇంటిముందు ఒంటరిగా ఆడుకోనివ్వడానికి జంకిన నేను, మా పెద్దవాణ్ణి ఎనిమిదో ఏట ట్రాములో ఒంటరిగా స్కూలుకి పంపాను. మొదటివారం వాడికి తెలియకుండా వెనకాలే వెళ్లాను. వాడు ఎక్కడా తడబడలేదు, ఒక ముసలాయన ఎక్కితే లేచి చోటిచ్చాడు కూడా. ఆ రోజు నాకు కలిగిన తృప్తి మాటల్లో చెప్పలేను. పిల్లల్ని తల్లి చేతిలోంచి ఊరు మెల్లగా తీసుకుంటుంది ఇక్కడ.

స్కూలు మాటొచ్చింది కాబట్టి: ఇంటర్నేషనల్ స్కూలు ఫీజు కంపెనీ కడితే సరే. లేకపోతే ప్రభుత్వ స్కూలుకి భయపడకండి. ఏడో ఏట మొదలయ్యే ఎనిమిదేళ్ల చదువు, విదేశీ పిల్లలకి పోలిష్ అదనపు పాఠాలు ఉచితంగా చెప్పాలి. మార్కులు 1 నుంచి 6, ఆరే గొప్ప. లోపల వేసుకోవడానికి వేరే చెప్పులు పంపాలి. మా పిల్లలకి మొదటి ఆరు నెలలు కన్నీళ్లే, దాచడమెందుకు. ఏడో నెల నుంచి ఇంట్లో నా పోలిష్ వాళ్లే దిద్దుతున్నారు.

ఇల్లు అద్దెకి తీసుకునేటప్పుడే తెలుగువాళ్లు ఎక్కువ పొరపడతారు, ఇది శ్రద్ధగా చదవండి. ప్రకటనలో పెద్ద అక్షరాల్లో కనిపించేది యజమానికి వెళ్లే డబ్బు మాత్రమే. దానిమీద "చిన్ష్" అని ఇంకోటుంటుంది, అది భవనం నిర్వహణకి కట్టేది. చాలాచోట్ల నీళ్లు, వేడి, చెత్త ఖర్చుల ముందస్తు అందులోనే కలిసి ఉంటుంది. కరెంటు, ఇంటర్నెట్ వేరే. మొత్తం ఎంతవుతుందో, ఏవేవి కలిసున్నాయో కాగితం మీద రాయించుకోండి. అడ్వాన్సుని "కౌత్స్యా" అంటారు. చాలామంది యజమానులు ఒక ప్రత్యేక రకం ఒప్పందం అడుగుతారు. ఖాళీ చేయమన్నప్పుడు చేస్తానని నోటరీ ముందు సంతకం పెట్టాలి, అప్పుడు వెళ్లి ఉండటానికి ఇంకో చిరునామా, ఆ ఇంటివాళ్ల అంగీకారం కూడా చూపించాలి. కొత్తగా దిగినవాళ్లకి ఆ చిరునామా ఎక్కణ్ణుంచి వస్తుంది? ఇది మీవారి కంపెనీతో బయల్దేరకముందే మాట్లాడుకోండి, వాళ్లు చూపించగలరేమో అడగండి.

అంతస్తుల లెక్క మన ఊళ్లోలాగే, కింద గ్రౌండ్, పైన మొదటిది. ఏసీ ఉండదు, బట్టలారబెట్టే మిషను ఉండదు, స్టాండు మీద ఆరేయాలి. కిటికీ పిడి పక్కకి తిప్పితే తలుపులా తెరుచుకుంటుంది, పైకి తిప్పితే పైభాగం మాత్రమే లోపలికి వాలుతుంది. రాత్రి 10 నుంచి పొద్దున 6 దాకా నిశ్శబ్దం పాటించాలి. ఇడ్లీ పిండి రుబ్బే పని సాయంత్రమే పెట్టుకోండి. ఆదివారం గోడకి మేకు కూడా కొట్టకండి. చెత్త ఐదు రకాలుగా వేరు చేయాలి: కాగితం నీలం, ప్లాస్టిక్కూ లోహం పసుపు, గాజు ఆకుపచ్చ, కూరగాయల తొక్కలు గోధుమరంగు, మిగిలింది నలుపు. 2025 అక్టోబరు నుంచి నీళ్ల సీసా, డబ్బా కొన్నప్పుడు 50 గ్రోషులు, అంటే అర జ్లోటీ, అదనంగా తీసుకుంటున్నారు, ఖాళీది తిరిగిస్తే ఇచ్చేస్తారు. చిన్నప్పుడు సోడా సీసాకి డిపాజిట్ కట్టినట్టే.

తిండి దగ్గర మీకు భయమక్కర్లేదు, నాకు చెప్పాలని అన్నిటికంటే ఇష్టమైన విషయం కూడా ఇదే. స్టేషనుకి దగ్గర్లో స్తారి క్లెపాష్ అనే పాత బజారుంది. శనివారం పొద్దున 8కల్లా వెళ్లండి. పల్లెల నుంచి వచ్చిన ఆడవాళ్లు గుడ్లు, తెల్లటి పచ్చి జున్ను, సోయికూర కట్టలు, పీపాల్లో పులిసిన క్యాబేజీ, దోసకాయలు పెట్టుకుని కూర్చుంటారు. తూకం "దెకో"ల్లో అడుగుతారు, ఒక దెకో అంటే 10 గ్రాములు, ఇరవై దెకోలంటే 200 గ్రాములు. ఏప్రిల్, మే నెలల్లో "ష్చావ్" అనే ఆకు వస్తుంది. వాళ్లు పుల్లటి సూపు చేసుకుంటారు. మొదటిసారి ఆకు చివర తుంచి నోట్లో వేసుకుంటే కళ్లల్లో నీళ్లొచ్చాయి, అచ్చం చుక్కకూర. నిజానికి రెండూ ఒకే కుటుంబం మొక్కలు. నాలుగు కట్టలు కొని ఆ మధ్యాహ్నమే పప్పులో వేశాను, ఎండుమిరపకాయల పోపు పెట్టి. మావారు కంచం ముందు కూర్చుని, గోంగూర ఎక్కడ దొరికిందన్నారు. గోంగూరకి ఇది ఒక మెట్టు తక్కువే, ఒప్పుకుంటాను, చుక్కకూరకి మాత్రం ఏమాత్రం తక్కువ కాదు. జూన్, జులైల్లో పచ్చి "అగ్రెస్ట్" (గూస్‌బెర్రీ) కాయలొస్తాయి, పప్పులో మామిడికాయ బదులు వేయొచ్చు. పెరుగుకి "జ్షాద్వె మ్లేకో" అని అడగండి, తోడుకున్న పాలు. "మష్లాన్కా" అంటే మజ్జిగే. అమెరికా పెరుగు డబ్బాల రుచికంటే ఇది మన ఇంటి రుచికి చాలా దగ్గర.

శాకాహారులైతే బంగాళదుంప, జున్ను కూరిన కుడుములు, "పియెరోగి రూస్క్యె", ఎక్కడైనా దొరుకుతాయి, పైన పంది కొవ్వు ముక్కలు చల్లొద్దని ముందే చెప్పాలి. మిల్క్ బార్ అని పాతకాలం హోటళ్లున్నాయి, ప్రభుత్వ రాయితీతో చవగ్గా పెడతారు. విద్యార్థులు, పింఛనుదార్లు, ఆఫీసువాళ్లు ఒకే బల్ల దగ్గర కూర్చుని తింటారు. వీధి మూలల్లో బండ్ల మీద అమ్మే ఒబ్వజానెక్, వేడినీళ్లలో ముంచి తీసి కాల్చిన మెలికల చక్రం, గసగసాలో నువ్వులో అద్ది ఉంటుంది. పిల్లల చేతికిస్తే ఇల్లు చేరేదాకా గొడవుండదు. కందిపప్పు, బియ్యం, కారం ఇండియన్ షాపుల్లో దొరుకుతాయి, ధర డల్లాస్‌కంటే ఎక్కువే.

చలికాలం సంగతి నిజాయితీగా చెప్తాను. చలి కన్నా చీకటి బాధపెడుతుంది. డిసెంబరులో మధ్యాహ్నం 3:40కే సూర్యాస్తమయం. టెక్సస్ ఎండలో పదేళ్లున్న ఒళ్లు జనవరికల్లా నీరసపడుతుంది, డాక్టర్ని అడిగి విటమిన్ డి వేసుకోండి. రెండోది పొగ. మేం వచ్చిన మొదటి చలికాలం సాయంత్రం కిటికీ తీస్తే బొగ్గు వాసన గొంతులో పట్టుకునేది. 2019 సెప్టెంబరు 1 నుంచి ఊళ్లో ఇంటి పొయ్యిల్లో బొగ్గు, కట్టెలు కాల్చడం పూర్తిగా నిషేధించారు. తేడా స్పష్టంగా తెలుస్తోంది. కానీ ఊరు లోయలో ఉంది, చుట్టుపక్కల ఊళ్ల పొగ గాలి కదలని రోజుల్లో ఇక్కడే నిలబడిపోతుంది. పిల్లలకి ఆయాసం ఉంటే గాలిని శుభ్రం చేసే మిషను కొనండి, ఫోన్లో గాలి నాణ్యత చూసి బయటికి పంపండి. దీనికి బదులుగా జూన్‌లో రాత్రి 9 దాకా వెలుతురుంటుంది, ఊరంతా విస్తులా నది ఒడ్డున గడ్డి మీదే కూర్చుంటుంది.

వైద్యం: ఉద్యోగంతోపాటు ప్రభుత్వ ఆరోగ్యబీమా వస్తుంది, భార్యాపిల్లల్ని చేర్చమని కంపెనీకి చెప్పాలి. ప్రత్యేక వైద్యుల కోసం నెలలు ఆగాలి, అందుకే కంపెనీలు ప్రైవేటు ప్యాకేజీ కూడా ఇస్తాయి, తప్పకుండా తీసుకోండి. మందుల చీటీ కాగితం మీద ఉండదు, ఫోనుకి నాలుగంకెల కోడ్ వస్తుంది. అది, మీ పెసెల్ నంబరు చెప్తే ఏ మందుల షాపులోనైనా ఇస్తారు. పెసెల్ అంటే 11 అంకెల పౌర సంఖ్య, అందులో మీ పుట్టినరోజు కూడా ఇమిడి ఉంటుంది. వచ్చిన వెంటనే అది తీసుకోండి, బ్యాంకు నుంచి స్కూలుదాకా అన్నీ దానిమీదే నడుస్తాయి. మా చిన్నవాడు చెయ్యి విరగ్గొట్టుకున్నప్పుడు ఒక ఆసుపత్రి ఎమర్జెన్సీలో ఐదు గంటలు కూర్చున్నాం. ఓపిక నశించింది. కట్టు వేశాక బిల్లు కౌంటర్ ఎక్కడని అడిగితే నర్సుకి నా ప్రశ్నే అర్థం కాలేదు. బిల్లు లేదు.

కాగితాల విషయంలో మూడు హెచ్చరికలు. మీకు గ్రీన్‌కార్డు ఉంటే, ఏడాదికి మించి బయట ఉండాలంటే రీఎంట్రీ పర్మిట్‌కి అమెరికాలో ఉండగానే దరఖాస్తు చేయాలి, ఎక్కువలో ఎక్కువ రెండేళ్లకిస్తారు. మీది మూడేళ్ల మాట, లాయరుతో మాట్లాడండి. పౌరులైనా గ్రీన్‌కార్డువాళ్లైనా అమెరికా పన్ను రిటర్ను మానకూడదు, విదేశీ ఖాతాల్లో మొత్తం 10,000 డాలర్లు దాటితే ఆ సమాచారం వేరే ఇవ్వాలి. ఇక ఇక్కడి నివాస కార్డు చేతికి రావడానికి నెలలు పడుతుంది, మాకు పది నెలలు పట్టింది. ఆ మధ్యలో భారతీయ పాస్‌పోర్టుతో ఇండియా వెళ్తే తిరిగి రావడానికి కొత్త వీసా తీసుకోవాల్సి రావచ్చు. పెళ్లిళ్లు, గృహప్రవేశాలు దాన్నిబట్టి చూసుకోండి.

ఉద్యోగం పోలిష్ కాంట్రాక్టు మీదైతే, జీతాన్ని డాలర్లలోకి మార్చి బెంగపడకండి. పదేళ్ల సర్వీసుంటే ఏడాదికి 26 పనిరోజుల జీతంతో సెలవు, లేకపోతే 20. డిగ్రీ చదువుకి ఎనిమిదేళ్లు కలుపుతారు, బయటి దేశాల అనుభవం కూడా లెక్కలోకొస్తుంది. కాబట్టి పాత కంపెనీల అనుభవ పత్రాలు, డిగ్రీ పట్టాలు తెచ్చుకోమనండి. మావారికి ఆస్టిన్‌లో సంవత్సరానికి రెండు వారాలిచ్చేవాళ్లు, అవీ పూర్తిగా వాడుకునేవారు కాదు. ఇక్కడ వాడుకోకపోతే ఆఫీసే గుర్తుచేస్తుంది.

రంగు గురించి మీరు అడగలేదు, అడగాలనుకుని మానేశారేమో. తదేకంగా చూస్తారు, ముఖ్యంగా ముసలివాళ్లు. చెడ్డ మాట విన్నది ఇన్నేళ్లలో రెండుసార్లు, రెండూ రాత్రిపూట, తాగినవాళ్ల నోట. బాధేసింది. రాత్రి ఆలస్యంగా వచ్చేటప్పుడు అలాంటి గుంపులకి దూరంగా నడవండి.

దాంతోపాటు ఇదీ చెప్పాలి. 2022 ఫిబ్రవరి 24న ఉక్రెయిన్ మీద యుద్ధం మొదలైంది. వారం తిరక్కుండా క్రాకోవ్ పెద్ద స్టేషను తల్లులతో, పిల్లలతో నిండిపోయింది. మా మెట్ల మీద ఏనాడూ నవ్వని కింద అంతస్తు ఆయన ఒక తల్లినీ ఇద్దరు పిల్లల్నీ తీసుకొచ్చి తన పడగ్గది ఇచ్చేసి హాల్లో పడుకున్నాడు, నాలుగు నెలలు. ఎవరికీ చెప్పుకోలేదు, నాకు తెలిసింది మెట్ల మీద చిన్న బూట్లు కనిపించడం వల్ల. అదే సమయంలో ఉక్రెయిన్‌లో డాక్టరు చదువుతున్న మన తెలుగు పిల్లలు సరిహద్దు దాటి పోలండ్‌లోకి వచ్చారు. విమానాలెక్కేలోపు వాళ్లలో ముగ్గురు మా ఇంట్లో రెండు రాత్రులున్నారు. పులిహోర కలుపుతుంటే పై అంతస్తు పెద్దావిడ దుప్పట్లు, ఉన్ని మేజోళ్లు చంకలో పెట్టుకుని దిగొచ్చింది. ఆ పిల్లల్లో ఒకమ్మాయి మూడు రోజులుగా బూట్లు విప్పలేదు. పెద్దావిడ నేలమీద కూర్చుని ఆ లేసులు తనే విప్పింది.

పండగల్లో ఒక్కదాని గురించే చెప్తాను. నవంబరు 1, చనిపోయినవాళ్లని తలుచుకునే రోజు. 2019లో ఆ పెద్దావిడే నన్ను రాకోవిత్స్కీ శ్మశానానికి తీసుకెళ్లింది. 1803 నాటిది, చెట్ల కింద ఒక ఊరంత ఉంటుంది. సంచిలో చిన్న బ్రష్షు, నీళ్ల సీసా, చామంతి కుండీ, గాజు గిన్నెల్లో మైనపు దీపాలు. భర్త సమాధిని ముందు కడిగింది, ఆకులేరింది, పువ్వులు సర్దింది, అప్పుడు దీపం వెలిగించింది. చీకటి పడేసరికి కనుచూపు మేరా దీపాలే, జనం మెల్లగా నడుస్తున్నారు, మైనం వాసన, ఎవరూ పెద్దగా మాట్లాడరు. మనకది కార్తీకమాసం. రెండో దీపం నా చేతిలో పెట్టి, ఎవరూ రాని ఒక పాత సమాధి చూపించి అక్కడ పెట్టమంది. బయట గేటు దగ్గర మన పల్లీపట్టీ లాంటి పాకం మిఠాయి అమ్ముతారు, ఆ రోజుల్లోనే దొరుకుతుంది. పిల్లలకి కొనుక్కుని ట్రామెక్కాం. (అందుకే ఎవరింటికైనా భోజనానికెళ్తే చామంతులు పట్టుకెళ్లకండి, అవి సమాధులకి. వేరే పువ్వులు, బేసి సంఖ్యలో. గుమ్మంలో చెప్పులు విప్పితే వాళ్లే ఇంట్లో చెప్పులిస్తారు.)

సామాను విషయం. ఇక్కడ కరెంటు 230 వోల్టులు. అమెరికాలో కొన్న 120 వోల్టుల మిక్సీ, రైస్‌కుక్కర్, గ్రైండర్ పెట్టగానే కాలిపోతాయి, అమ్మేసి రండి. ఇండియా నుంచి తెచ్చుకున్నవి పనిచేస్తాయి. రెండు గుండ్రటి పుల్లల ప్లగ్గు చాలావరకు నేరుగా పడుతుంది, మూడు పుల్లలదానికి అడాప్టర్ కావాలి. చలికోట్లు అక్కడ కొనొద్దు, డల్లాస్ షాపుల్లో దొరికేవి ఇక్కడి జనవరికి చాలవు. పిల్లల టీకాల రికార్డులు చేతిసంచిలో పెట్టుకోండి. పిల్లలిద్దరికీ చెరో టోపీ మాత్రం విమానం దిగేముందే నెత్తిన పెట్టండి.

ఏ నెలలో వస్తున్నారో, ఆఫీసు ఊళ్లో ఏ వైపో రాయండి. ఇల్లు ఏ ట్రాము లైను మీద చూసుకోవాలో దాన్నిబట్టి చెప్తాను.